డెజర్ట్ స్ట్రైక్ గేమ్‌లో 1178 తుపాకీ గుళ్ళు: ఆ అంకె ఎక్కడిది? (ఇంకో చిన్న సందేహం కూడా)

వెనకసీటు:

అందరికీ నమస్తే. మెగా డ్రైవ్‌లో (అదే, టీవీకి తగిలించి ఆడుకునే సెగా వాళ్ళ గేమ్ పెట్టె) డెజర్ట్ స్ట్రైక్ ఆడినవాళ్ళు ఎవరైనా ఉంటే నాకు రెండు విషయాలు తేల్చిపెట్టాలి. తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క: 1992లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వాళ్ళు తెచ్చిన గేమ్. ఎడారి, అందులో ఒక అపాచీ హెలికాప్టర్, పైనుంచి ఏటవాలుగా చూస్తున్నట్టు బొమ్మ. గల్ఫ్ యుద్ధం ముగిసి అప్పటికి ఏడాదే. కథంతా ఆ వాసనే.

నేను ఈ గేమ్ ఆడుతూ పెరిగానని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. ప్యాడ్ ఎప్పుడూ అన్నయ్య చేతిలోనే. నాకు అప్పగించిన పని లెక్క. ఆడినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఇంధనం ఎంతుందో, గుళ్ళు ఎన్ని మిగిలాయో అన్నీ ఒక్కచోట చూసుకోవాలంటే స్టార్ట్ నొక్కి మ్యాప్ తెరవాలి. మ్యాప్ తెరిస్తే ఆట ఆగుతుంది. ఆట ఆగితే అన్నయ్యకి ఒళ్ళు మంట. "మాటిమాటికీ ఆపితే ఊపు పోతుందే" అనేవాడు. అందుకని నన్ను పక్కన కూచోబెట్టి, చివరిసారి మ్యాప్‌లో చూసిన అంకె దగ్గర్నుంచి మనసులో తగ్గించుకుంటూ రమ్మన్నాడు.

గుళ్ళు 1178. హైడ్రా రాకెట్లు 38. హెల్‌ఫైర్ మిసైళ్ళు 8. ఇంధనం 100. చిన్నప్పటి ఫోన్ నంబర్లన్నీ మరిచిపోయాను గానీ ఇవి మాత్రం పోలేదు.

హెల్‌ఫైర్ లెక్క సులువు, ఎనిమిదేగా. వాటి విషయంలో అన్నయ్య పిల్లికి బిచ్చం పెట్టని రకం. ఎదురుగా ఎంత పెద్ద ట్యాంకు వచ్చినా "అది తర్వాత పనికొస్తుంది" అని దాచేవాడు. చివరికి ఆ ఎనిమిదీ అలాగే ఉండగానే హెలికాప్టర్ కూలిపోయేది. గన్ దగ్గరికి వచ్చేసరికి చేతికి ఎముక ఉండేది కాదు. బటన్ మీదనుంచి వేలు తీసేవాడే కాదు. ఆ మోత ఎంతసేపు మోగితే సుమారుగా ఎన్ని గుళ్ళు ఖర్చయినట్టో నాకు చెవికి అలవాటైపోయింది. "ఎంతుందే?" అని అడిగేవాడు, "మూడొందలకి కాస్త అటూ ఇటూ" అనేదాన్ని. తీరా మ్యాప్ తెరిస్తే దగ్గర్లోనే ఉండేది. ఆ క్షణంలో నాకు వచ్చిన గర్వం ఆ తర్వాత ఏ పరీక్షలోనూ రాలేదు.

అసలు కష్టం ఇంధనంతో. కాల్చినా కాల్చకపోయినా తగ్గుతూనే ఉంటుంది కదా. ఊరికే గాల్లో నిలబడి "ఇటు పోదామా అటు పోదామా" అని ఇద్దరం కొట్టుకుంటుంటే కూడా అదేమీ ఆగదు. పైగా ఎడారిలో ఇంధనం డ్రమ్ములు ఇన్నే అని లెక్క. ఒకటి వాడితే ఒకటి పోయినట్టే. కాబట్టి పాతిక కంటే తగ్గేదాకా డ్రమ్ము జోలికి పోకూడదన్నది నా చట్టం. డెబ్బై ఉండగా డ్రమ్ము ఎత్తుకుంటే ముప్పై నిండుతుంది, మిగతాదంతా ఇసుకపాలు. ఈ చట్టం మీద మా ఇంట్లో జరిగిన యుద్ధాల ముందు స్క్రీన్ మీద జరిగేది దిగదుడుపు.

ఇప్పుడు అన్నయ్య లేనప్పుడు చూసి (కంగారు పడకండి, వేరే దేశంలో ఉన్నాడంతే) నేనే ప్యాడ్ పట్టుకున్నాను. ఇన్నేళ్ళకి మొదటిసారి. లెక్క ఇట్టే పట్టుబడింది, నడపడమే చేతకావడం లేదు. డ్రమ్ము పైకి తీసుకెళ్ళి ఆపుదామంటే సబ్బుబిళ్ళలా జారి అవతలికి పోతోంది. దాన్ని ఎత్తుకునే తాడూ కొక్కెం దిగేలోపు నేను అక్కడ ఉండను.

సరే, సందేహాలు. ఒకటి: 1178 ఏమిటి? 1000 పెట్టొచ్చు, 1200 పెట్టొచ్చు. ఎవరికి తట్టింది ఈ అంకె? రెండు: మొదటి క్యాంపెయిన్‌లో, అంటే గేమ్ మొదటి దశలో, ముందు రాడార్లు కొట్టాలి, ఆ తర్వాతే మిగతావి, వరస తప్పితే చచ్చామన్నమాటే అని అన్నయ్య నూరిపోశాడు. ఇది నిజంగా గేమ్‌లో ఉందా, లేక నేను ఎదురు చెప్పకుండా ఉండడానికి ఆయనగారు కల్పించిందా?

ఇసుకతుఫాను:

మీ అన్నయ్య మంచివారండీ, కల్పించలేదు. ఎడారిలో ఎటైనా పోనిస్తుంది గానీ మిషన్ల జాబితాకి ఒక వరస ఉంది. ముందే వేరే చోటికి వెళ్తే డేంజర్ జోన్ అని హెచ్చరిక వస్తుంది, అక్కడి తుపాకులు ఒక్కో దెబ్బకి మీ కవచంలో ఎంత లాగేస్తాయో చూస్తే కళ్ళు తిరుగుతాయి. నేను హెచ్చరికలు చదివే రకం కాదు. మూడు హెలికాప్టర్లూ అక్కడే సమర్పించుకుని, గేమ్‌లో బగ్ ఉందని స్నేహితులందరికీ చెప్పుకుని తిరిగాను.

డెబ్బై ఉండగా డ్రమ్ము ఎత్తుకునేవాళ్ళని ఏం చేసినా పాపం లేదు. ఈ విషయంలో నేను మీ పార్టీ.

రోటర్ 64:

1178 సంగతి నేను చెప్తాను. హెలికాప్టర్ల పిచ్చి నాకు ఈ గేమ్ వల్లే పట్టుకుంది, కనుక రుణం తీర్చుకున్నట్టు ఉంటుంది.

ముందు 38, 8 చూడండి. అపాచీకి ఇరుపక్కలా పొట్టి రెక్కలు, వాటి కింద ఆయుధాలు తగిలించడానికి మొత్తం నాలుగు చోట్లు ఉంటాయి. హైడ్రా రాకెట్ల గొట్టాలగుత్తి ఒక్కోదానిలో 19 పడతాయి. హెల్‌ఫైర్ రాక్‌కి 4. ఇప్పుడు రెండు చోట్ల గుత్తులు, రెండు చోట్ల రాక్‌లు తగిలించండి. 19 రెళ్ళు 38, నాలుగు రెళ్ళు 8. నాలుగు చోట్లూ నిండాయి. గేమ్‌లో చూపించింది నిజంగా ఎగరగల అపాచీనే. చిన్నప్పుడు నేను ఆ మిసైళ్ళు ఎనిమిదే ఇచ్చారని పిసినారులని తిట్టుకునేవాణ్ణి. పదహారు కావాలంటే రాకెట్లు మొత్తం వదులుకోవాలని ఎవరు చెప్తారు మనకి.

ఇక గన్. ముక్కు కింద వేలాడే 30 మిల్లీమీటర్ల ఎమ్230. నిజం హెలికాప్టర్‌లో దాని గుళ్ళపెట్టెకి 1200 పడతాయి. గేమ్ వాళ్ళు 1178 అన్నారు. ఆ తక్కువైన 22 బయల్దేరేముందు నేల మీద పరీక్షించి చూసినవని నేను లెక్కేసుకున్నాను, మీరూ అలాగే అనుకోండి, బావుంటుంది. ఆ గన్ నిమిషానికి 625 దాకా కాలుస్తుంది. అంటే మీ అన్నయ్య వేలు తియ్యకుండా నొక్కితే నిజంలో రెండు నిమిషాలు తిరిగేలోపు పెట్టె ఖాళీ. పక్కన లెక్కపెట్టే మనిషి అవసరం గేమ్‌లో కంటే అక్కడే ఎక్కువ.

రాడార్ల కథ ఇంకా బాగుంటుంది. 1991 జనవరి 17 తెల్లవారుజామున డెజర్ట్ స్టార్మ్‌లో, అదే గల్ఫ్ యుద్ధంలో ఇరాక్ మీద దాడిలో, మొదటి దెబ్బ కొట్టింది అపాచీలే. ఎనిమిది హెలికాప్టర్లు చీకట్లో తక్కువ ఎత్తున సరిహద్దు దాటి, పశ్చిమ ఇరాక్‌లో రెండు రాడార్ కేంద్రాలని హెల్‌ఫైర్లతో లేపేశాయి. ఆ కంతలోంచి యుద్ధవిమానాలు లోపలికి వెళ్ళాయి. దారి చూపించడానికి ముందు పేవ్ లో అనే పెద్ద హెలికాప్టర్లు వెళ్ళాయి, ఎందుకంటే గుర్తులేవీ లేని ఎడారిలో, చీకట్లో దారి పట్టుకునే సరంజామా వాటిలోనే బాగుండేది. మీకు నచ్చే ముక్క చివర్లో పెట్టాను. అంత దూరం వెళ్ళి రావడానికి ఇంధనం చాలదని, ఆ అపాచీలకి ఒక చోట రాకెట్లు తీసేసి అదనపు ట్యాంకు తగిలించుకున్నారు. ఎవరో ఒకరు మీలాగే పక్కన కూచుని లెక్క వేసే ఉంటారు.

ఒక్క సవరణ. మీ పేరు వెనకసీటు అని పెట్టుకున్నారు. అపాచీలో వెనక, కాస్త ఎత్తున కూచునేది పైలట్. ముందు సీటు కో-పైలట్ది, గన్ ఆయన చూసుకుంటాడు. ఇన్నాళ్ళకి ప్యాడ్ మీ చేతికి వచ్చింది కాబట్టి పేరు ఇప్పుడు సరిపోయిందనుకోండి.

వెనకసీటు:

రోటర్ గారూ, ఇంధనం ట్యాంకు ముక్క చదివి లేచి నిలబడ్డాను. వెంటనే అన్నయ్యకి పంపాను. "రాడార్లు ముందు కొట్టాలని నేను అప్పుడే చెప్పానా లేదా" అని మాత్రం రాశాడు. ట్యాంకు గురించి కిక్కురుమనలేదు.

మీ అందరిలో ఎవరికైనా కొక్కెం గురించి తెలుసా? నిజం అపాచీకి తాడేసి మనుషుల్ని పైకి లాగే ఏర్పాటు ఉంటుందా? గేమ్‌లో సగం పని అదే కదా. దారి తప్పిన సైనికుల్ని ఎక్కించుకుని, దిగే చోట దించితే కవచం నిండేది. ఆ లంచం కోసమే మేము వాళ్ళని కాపాడేవాళ్ళం, దేశభక్తి ఏమీ లేదు. కో-పైలట్‌ని ఎంచుకునేటప్పుడు కూడా గురి ఎవరికి బావుందని అన్నయ్య, తాడు ఎవరు గబగబా లాగుతారని నేను. లాగడం ఆలస్యమైతే ఆ కాసేపూ ఇంధనం పోతుంది కదా మరి.

రోటర్ 64:

ఉండదు. ఇద్దరు మనుషులు, రెండు సీట్లు, అంతే. మూడోవాడికి చోటు లేదు. కాకపోతే తప్పనిసరైతే బయట రెక్కల మీద కూచోబెట్టి బెల్టులతో కట్టి తీసుకెళ్ళిన సందర్భాలున్నాయి. 2007లో ఆఫ్ఘనిస్తాన్‌లో బ్రిటిష్ మెరైన్లు అలాగే రెండు అపాచీల మీద కూచుని, ఒక కోటలో చిక్కిన తమ వాణ్ణి తెచ్చుకోవడానికి వెళ్ళారు. తాడూ కొక్కెం మాత్రం గేమ్ వాళ్ళ సొంత సరుకు.

పాతడిస్కు:

సొంత సరుకు కూడా కాదు నాయనా, దాని ముత్తాత నాకు తెలుసు. ఇక్కడ అందరికంటే పెద్దవాణ్ణి నేనే అనుకుంటాను, ఒక మాట చెప్పనివ్వండి.

1982లో యాపిల్ టూ కంప్యూటర్ మీద చాప్‌లిఫ్టర్ అని ఒక గేమ్ వచ్చింది. డాన్ గోర్లిన్ రాశాడు. డెజర్ట్ స్ట్రైక్ తయారుచేసిన మైక్ పోసెన్‌కి అంతకుముందు వీడియో గేములు చేసిన అనుభవం లేదు, అతనికి ఊపిరి పోసింది ఈ చాప్‌లిఫ్టరే. మనుషుల్ని ఎక్కించుకోవడం, దించడం, మళ్ళీ వెళ్ళడం అన్నీ అక్కడివే.

అందులో 64 మంది బందీలు, నాలుగు భవనాల్లో. హెలికాప్టర్‌లో ఒక్కసారికి 16 మంది పడతారు. మొదటి భవనం మనం వెళ్ళేసరికే తగలబడుతూ ఉంటుంది, జనం బయటికొచ్చి చేతులూపుతుంటారు. ఒక్కొక్కడూ నాలుగైదు చుక్కల బొమ్మ. ఆ చుక్కలే చెయ్యి ఊపుతుంటే నా ప్రాణం గిలగిల్లాడేది. దిగేటప్పుడు దూకుడుగా దిగితే వాళ్ళ మీదే దిగుతాం. స్క్రీన్ పైన మూడు అంకెలు: చచ్చినవాళ్ళు, ఎక్కినవాళ్ళు, ఇంటికి చేరినవాళ్ళు. స్కోరంటూ వేరే ఏమీ లేదు. అంతకంటే పొదుపైన గేమ్ నేను చూడలేదు, చూస్తానన్న ఆశ కూడా లేదు.

అదీ గాక, అందులో హెలికాప్టర్ ఎడమకో కుడికో తిరిగి ఉంటుంది, లేదా బటన్ నొక్కితే మన ముఖానికి ఎదురుగా తిరుగుతుంది. నేల మీది ట్యాంకుని కొట్టాలంటే అలా ఎదురుగా తిరగాల్సిందే. నేను చాలాకాలం ఆ సంగతి గ్రహించకుండా ట్యాంకుల నుంచి పారిపోతూ బతికాను. పారిపోవడం కూడా ఒక విద్యే.

మీరంతా గుళ్ళు లెక్కపెట్టారు, మా తరం తలలు లెక్కపెట్టింది.

నిమ్మళం:

మంచి ముచ్చట పాడుచేస్తున్నానని తిట్టకండి. అప్పుడు నాకూ ఈ గేమ్ ఉండేది. చిన్నవాణ్ణి, బాగా ఆడాను. ఇప్పుడు ఆ లెవెళ్ళ వీడియోలు చూస్తుంటే మింగుడుపడటం లేదు. టీవీలో రాత్రిళ్ళు ఆకుపచ్చ వెలుగులు చూపించిన యుద్ధం అది. ఏడాది తిరిగేసరికి దాన్నే మనం సోఫాలో కూచుని ఆడాం. రెండో క్యాంపెయిన్ పేరే స్కడ్ బస్టర్. ఆ స్కడ్ మిసైళ్ళు పడిన చోట ఉన్నవాళ్ళకి, అటు బాంబులు పడిన చోట ఉన్నవాళ్ళకి అది గేమ్ కాదు కదా. అప్పట్లోనే ఈ గేమ్ మీద విమర్శలు వచ్చాయి. రావలసినవే అని నా ఉద్దేశం.

వెనకసీటు:

తిట్టడమెందుకండీ, సరైన మాటే. ఆడేటప్పుడు మాకు ఆ ఎడారి ఏదో ఒక ఎడారి, గేమ్‌లో విలన్ అయిన ఆ జనరల్ ఏదో ఒక మీసాల దుర్మార్గుడు. ఇప్పుడు ఆడుతుంటే మాత్రం రాకెట్ పడగానే గుడారంలోంచి పరిగెత్తుకొచ్చే ఆ చిన్న మనుషుల దగ్గర వేలు ఆగుతోంది. వాళ్ళని కాల్చకుండా పక్కకి వెళ్ళిపోతున్నాను, అది గేమ్ నన్ను అడగని పని. చంపకూడనివాళ్ళు చస్తే మిషన్ పోయిందని బేస్‌కి తిరిగి రమ్మనడం దీనిలోనే చూశాను నేను, ఆ మాత్రం పద్ధతి చాలా గేముల్లో లేదు. అది చాలుతుందా అంటే చాలదు. అయినా నేను ఆడటం మానను, మీ మాట కాదననూ లేను.

పాతడిస్కు గారూ, చుక్కల చెయ్యి ఊపుడు చూడ్డానికి చాప్‌లిఫ్టర్ వెతుక్కున్నాను. మొదటి విడతలోనే ముగ్గురి మీద దిగాను. నాకు లైసెన్స్ ఇవ్వకూడదు.

ఇసుకతుఫాను:

దీని తర్వాతి భాగం జంగిల్ స్ట్రైక్ గురించి ఎవరూ ఎత్తరేంటి? 1993. అపాచీ పోయి కొమాంచీ వచ్చింది, మొదటి లెవెలే వాషింగ్టన్ నగరం. మధ్యలో దిగి హోవర్‌క్రాఫ్ట్, మోటార్‌సైకిల్, చివరికి ఎఫ్-117 స్టెల్త్ విమానం కూడా నడపనిస్తారు. తమాషా ఏంటంటే ఆ కొమాంచీ అమెరికా సైన్యంలోకి ఎప్పుడూ రాలేదు, రెండు నమూనాలు ఎగిరాక 2004లో పథకమే ఎత్తేశారు. దాన్ని అసలు పైలట్ల కంటే మనమే ఎక్కువ నడిపాం.

నాకు మాత్రం మొదటిదే ఇష్టం. స్టెల్త్ విమానం ఆగదు కాబట్టి దాంట్లో ఆలోచించే తీరిక ఉండదు. ఇసుకలో హెలికాప్టర్ కనీసం నిలబడుతుంది, తర్వాత ఏం చెయ్యాలో తేల్చుకోనిస్తుంది.

వెనకసీటు:

నిలబడుతుందా! అదేగా నా గోడు. నిన్న కూడా ఆఖరి డ్రమ్ము చుట్టూ ప్రదక్షిణాలు చేస్తూ ఇంధనం సున్నా చేసుకున్నాను. కొట్టేవాడు ఒక్కడు లేడు చుట్టుపక్కల. ఎవరైనా కిటుకు చెప్పి పుణ్యం కట్టుకోండి.

రోటర్ 64:

రెండు చెప్తాను. ఆట మొదలవకముందు ఆప్షన్స్‌లోకి వెళ్ళండి, కంట్రోల్ పద్ధతి మార్చుకునే వీలుంది. జారుడు వద్దనుకుంటే అక్కడే తీసెయ్యొచ్చు. మీ అన్నయ్య జారుడుతోనే ఆడి ఉంటాడు కాబట్టి మీకూ అదే వచ్చింది.

జారుడుతోనే ఆడాలని పట్టుదల ఉంటే, డ్రమ్ము దగ్గరికి వచ్చాక బ్రేకు కోసం వెతక్కండి, అది లేదు. కాస్త ముందే, డ్రమ్ము ఇంకా స్క్రీన్ అంచున ఉండగానే, ముందుకి నొక్కడం మానేసి వెనక్కి ఒక్కసారి తట్టండి. ముక్కు పైకి లేచి వేగం చచ్చిపోతుంది, మిగిలిన కొసరు వేగంతో దానంతటదే డ్రమ్ము మీదికి వస్తుంది. అటూ ఇటూ తిప్పకండి. కొక్కెం దిగడం మొదలయ్యాక ప్యాడ్ మీద వేళ్ళు పెట్టకండి.

వెనకసీటు:

ఆప్షన్స్ ముట్టుకోను, అన్నయ్య జారుడుతో ఆడితే నేనూ జారుడుతోనే. వెనక్కి తట్టడం ఇప్పుడే చూశాను. మొదటిసారి ఎక్కువ తట్టి వెనక ఉన్న గన్ మీదికి పోయాను. ఆ తర్వాత వచ్చింది. పంతొమ్మిది దగ్గర ఎత్తుకున్నాను, వందకి నిండింది, ఎనభై ఒకటి లాభం.

ఇక కొట్టాల్సింది పవర్ స్టేషన్. హెల్‌ఫైర్లు ఎనిమిదీ ఉన్నాయి, నేను దాచుకోదలచుకోలేదు.